ఒక్కోసారి మొరాయించే బండి

కారు అసలు స్టార్ట్ కాకపోతే పెద్ద చిక్కేమీ లేదు. మెకానిక్ వస్తాడు, పాడైనదేదో తేలుతుంది, డబ్బు వదులుతుంది, బండి కదులుతుంది. చిక్కంతా ఒక్కోసారి స్టార్టయి, ఒక్కోసారి కాని కారుతోనే. ఇంటి ముందు తాళం తిప్పగానే పలుకుతుంది. పెట్రోలు బంకులో మూగనోము పడుతుంది. మెకానిక్ షెడ్డు ముందు మాత్రం బుద్ధిగా నడుచుకుంటుంది. "బాగానే ఉంది కదా సార్" అంటాడు మెకానిక్. అందులో అతని తప్పేమీ లేదు. తన కళ్ల ముందు కనిపించని జబ్బుకు మందు రాయమంటే ఎవరైనా ఏం చేస్తారు?

విజయవాడలో ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారి కారు ఏడాదికి పైగా ఇదే ఆట ఆడించింది. 2003లో కొన్న చిన్న పెట్రోలు కారు. అప్పటి నుంచీ ఒక్కరి చేతి మీదే నడిచింది. పదిహేనేళ్లు నిండాక 2018లో ఒకసారి, 2023లో మరోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకున్నారు. పదిహేనేళ్లు దాటిన కార్ల రెన్యువల్ ఫీజును కేంద్రం 2022 ఏప్రిల్ 1 నుంచి 600 రూపాయల నుంచి ఏకంగా 5,000కు పెంచడంతో రెండోసారి కాస్త గట్టిగానే తగిలింది. అయినా కట్టారు. ఆ ఇంట్లో కారు షోకు కాదు. మాస్టారి భార్యకు వారానికి మూడుసార్లు డయాలసిస్. తెల్లవారుజామునే బయల్దేరి ఆరింటి షిఫ్టుకు అందుకోవాలి. నాలుగు గంటలు మెషీన్ మీద పడుకుని లేచాక ఆమెకు బీపీ పడిపోతుంది, కళ్లు తిరుగుతాయి. ఆటో కుదుపులు పడవు. ముందు సీటు వెనక్కి వాల్చి, నెమ్మదిగా నడిపే మనిషి పక్కన ఉంటేనే ఇల్లు చేరడం.

అలాంటి బండి 2024 మే నెలలో మొదటిసారి మొండికేసింది. డయాలసిస్ నుంచి తిరిగొస్తూ మందుల షాపు దగ్గర ఆపారు. ఇరవై నిమిషాల తర్వాత వచ్చి తాళం తిప్పితే ఏమీ లేదు. మళ్లీ తిప్పితే 'టక్' అని ఒక్క చప్పుడు. పన్నెండో ప్రయత్నానికో పదమూడో ప్రయత్నానికో ఏమీ ఎరగనట్టు స్టార్టయింది. ఆ పావుగంటా ఆమె ఎండలో, చెమటతో తడిసిపోయి, కళ్లు మూసుకుని సీట్లోనే ఉంది.

ఆ తర్వాతి కథ పాత కారున్న ప్రతి ఇంటికీ తెలిసిందే. ముందు బ్యాటరీ మార్చారు, 4,100 రూపాయలు. వెంటనే వానలు మొదలయ్యాయి. బండి ఒక్కసారీ మొరాయించలేదు. ఘనత బ్యాటరీకి దక్కింది. మార్చిలో ఎండలతో పాటే జబ్బూ తిరిగొచ్చింది. ఈసారి సెల్ఫ్ మోటార్ విప్పి, కార్బన్ బ్రష్‌లు మార్చి, సర్వీస్ చేశారు. 1,900 రూపాయలు. నాలుగు వారాలు నిశ్చింతగా గడిచాయి. మళ్లీ మొదలు. "ఎందుకైనా మంచిది" అని స్పార్క్ ప్లగ్గులు, వాటి వైర్లు మార్చారు. ఇంకో 1,100. రోగం అలాగే ఉంది. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న కొడుకు ఫోన్‌లో తేల్చేశాడు: "నాన్నా, దాన్ని స్క్రాప్‌కి ఇచ్చేయండి. అమ్మను పెట్టుకుని నడిరోడ్డు మీద ఏమిటీ ప్రయోగాలు?"

అతని మాటలో న్యాయం ఉంది. దేశంలో గాలి కూడా అటే వీస్తోంది. 2021 ఆగస్టులో కేంద్రం వాహనాల స్క్రాపింగ్ విధానాన్ని ప్రకటించింది. అంతకుముందే 2018లో ఢిల్లీ పరిసరాల్లో పదిహేనేళ్లు దాటిన పెట్రోలు కార్లు తిరగరాదని సుప్రీంకోర్టు ఆదేశించింది. వయసు మీద పడిన బండికి జబ్బు చేస్తే వయసే జబ్బని అనుకోవడం ఇప్పుడు సులువైంది. కానీ లెక్కల మాస్టారికి ఆ సమాధానం రుచించలేదు. వయసే కారణమైతే పొద్దున ఆరింటికి లేని వయసు పదకొండింటికి ఎక్కణ్నుంచి వచ్చినట్టు?

దారి చూపింది ఆయన భార్యే. డయాలసిస్ రోగులు ఒక నోటు పుస్తకం పెట్టుకుంటారు. మెషీన్ ఎక్కే ముందు బరువెంత, దిగాక ఎంత, బీపీ ఎంత, మధ్యలో తిమ్మిర్లు వచ్చాయా, ఇవన్నీ రాసి డాక్టరుకు చూపిస్తారు. ఆ పేజీలు తిరగేస్తే ఒక్క రోజులో తెలియని సంగతి నెల రోజుల వరసలో తెలుస్తుంది. "నాకు రాస్తున్నట్టే దానికీ రాయండి" అంది ఆమె. మాస్టారు ఇంకో పుస్తకం కొన్నారు. కారు ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఎంతసేపు ఆపారు, ఎండా నీడా, తాళం తిప్పితే ఏం చప్పుడు వచ్చింది, డ్యాష్‌బోర్డు లైట్లు మసకబారాయా, చివరికి ఎలా స్టార్టయింది, అన్నీ గళ్లు గీసి రాయడం మొదలుపెట్టారు. మొరాయించినప్పుడే కాదు, మొరాయించనప్పుడు కూడా. ఈ రెండోదే ముఖ్యం. జబ్బు ఎప్పుడు రాదో తెలిస్తే తప్ప, ఎప్పుడు వస్తుందో తెలిసినా అర్థం కాదు.

ఆరు వారాల్లో పదకొండుసార్లు బండి మొండికేసింది. వరస చూస్తే మెకానిక్ అక్కర్లేకుండానే సగం చిక్కు వీడింది. పొద్దున మొదటి స్టార్టుకు ఒక్కసారీ మొరాయించలేదు. ఆస్పత్రిలో నాలుగు గంటలు ఆగాక ఒక్కసారీ లేదు. పదకొండుసార్లూ బండి అరగంటకు పైగా తిరిగి, పది నుంచి నలభై నిమిషాలు ఆగాకే. ఒక్కసారి కూడా లైట్లు మసకబారలేదు. రెండుసార్లు పక్కనున్నవాళ్లు తోస్తే రెండు అడుగుల్లోనే అందుకుంది.

తోస్తే స్టార్టయిందన్న ఒక్క ముక్క చాలు, ప్లగ్గుల కోసం పెట్టిన 1,100 దండగని చెప్పడానికి. 'స్టార్ట్ కావడం లేదు' అనే మాటలో నిజానికి రెండు వేర్వేరు జబ్బులున్నాయి. తాళం తిప్పితే సెల్ఫ్ మోటార్ ఇంజిన్‌ను తిప్పుతోందా, లేదా? తిప్పుతున్నా ఇంజిన్ అందుకోవడం లేదంటే పెట్రోలో స్పార్కో అందడం లేదన్నమాట. అసలు తిప్పడమే లేదంటే వాటి జోలికి పోనక్కర్లేదు. బ్యాటరీ, సెల్ఫ్, తాళం స్విచ్, వీటిని కలిపే తీగలు. వెతకాల్సింది ఈ నాలుగింట్లోనే. ఈ ప్రశ్న అడగకుండా స్పానర్ పట్టుకున్న ప్రతి చోటా యజమాని జేబుకు చిల్లే.

లైట్ల సాక్ష్యం ఇంకో అడుగు ముందుకు తీసుకెళ్తుంది. హెడ్‌లైట్లు వేసి తాళం తిప్పినప్పుడు అవి బాగా మసకబారి, టకటకమని వరస చప్పుడు వస్తే బ్యాటరీ నీరసించిందనో, దాని టెర్మినళ్లు తుప్పు పట్టాయనో అనుమానించాలి. లైట్లు చెక్కుచెదరకపోతే సెల్ఫ్‌కు అసలు కరెంటే వెళ్లడం లేదు. బ్యాటరీ నిర్దోషి. దాన్ని నిర్ధారించుకోవడానికి రెండు మూడు వందల రూపాయల మల్టీమీటర్ చాలు. నిండా ఛార్జయి కొన్ని గంటలు ఊరుకున్న బ్యాటరీ 12.6 వోల్టులు చూపాలి. 12 వోల్టులకు దిగిందంటే అందులో మిగిలింది పావు వంతే. సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు 9.6 కన్నా కిందికి పడకూడదు. ఇంజిన్ నడుస్తుంటే 14కు అటూఇటూగా ఉండాలి. మాస్టారి పాత బ్యాటరీని తీసేసే ముందు ఈ నాలుగు అంకెలూ ఎవరూ చూడలేదు.

ఇక మిగిలింది వేడి. ఇంజిన్ ఆపగానే బానెట్ కింద చల్లబడటం మొదలవుతుందని అనుకుంటాం. జరిగేది అందుకు వ్యతిరేకం. ఇంజిన్ ఆగితే నీళ్ల పంపు ఆగుతుంది, ఎదురుగాలి ఆగుతుంది. ఇనుములో, సైలెన్సర్ గొట్టంలో ఉన్న వేడంతా చుట్టుపక్కల భాగాలకు పాకుతుంది. అందుకే బండి ఆపిన తర్వాత పది, ఇరవై నిమిషాలకు అక్కడి కొన్ని భాగాలు నడుస్తున్నప్పటి కన్నా ఎక్కువ కాలుతుంటాయి. గంట రెండు గంటలైతే గానీ అది దిగదు. మాస్టారి పుస్తకంలోని పది నుంచి నలభై నిమిషాల లెక్క సరిగ్గా ఇదే.

ఆ పుస్తకం పట్టుకుని ఆయన ఆటోనగర్‌లో ఒక పాతకాలపు ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లారు. అందరూ భాయ్ అని పిలిచే పెద్దాయన. బానెట్ ఎత్తలేదు. "చదవండి మాస్టారూ" అని మొత్తం విన్నాడు. "మీరు నా పని సగం చేసుకొచ్చారు. మిగతా సగానికి బండి నా ముందు చెడాలి. ఇక్కడ చెడదు, మనమే వెళ్దాం" అన్నాడు. సెల్ఫ్ మీదుండే సోలినాయిడ్ చిన్న టెర్మినల్ నుంచి ఒక పొడవాటి తీగ లాగి, కిటికీలోంచి లోపలికి తెచ్చి, మీటరుకు తగిలించి డ్యాష్‌బోర్డు మీద పెట్టాడు. ఇద్దరూ కలిసి మిట్టమధ్యాహ్నం గన్నవరం దాకా వెళ్లొచ్చారు. తిరిగొచ్చాక ఎండలో ఆపి, టీ తాగి, ఇరవై నిమిషాలకు తాళం తిప్పారు. టక్.

"తాళం అలాగే పట్టుకోండి, వదలొద్దు" అన్నాడు భాయ్. మీటరు 7.8 చూపిస్తోంది. ఇంకో మీటరు బ్యాటరీ మీద పెడితే 12.4. మధ్యలో 4.6 వోల్టులు మాయం. ఇంజిన్ ఎర్తింగ్ చూశాడు, బాగుంది. తర్వాత దారి పొడవునా ముక్కలు ముక్కలుగా కొలిచాడు. బ్యాటరీ నుంచి తాళం స్విచ్ దాకా 1.1, స్విచ్ లోపలే 2.3, స్విచ్ నుంచి సోలినాయిడ్ దాకా 1.2. కూడితే 4.6. లెక్కల మాస్టారి ముఖం వెలిగింది.

జరిగిందేమిటంటే, సెల్ఫ్ మోటారుకు కావాల్సిన భారీ కరెంటు బ్యాటరీ నుంచి లావుపాటి కేబుల్‌లో నేరుగా వస్తుంది. ఆ దారి తెరిచేది సోలినాయిడ్. అందులోని రాగి చుట్టకు కరెంటు అందితే అది అయస్కాంతమై ఇనుప కడ్డీని లాగుతుంది, దారి తెరుచుకుంటుంది. చాలా పాత కార్లలో ఈ చుట్టకు వెళ్లే కరెంటంతా తాళం స్విచ్ గుండానే పోతుంది. ఒక్క క్షణానికైనా అది పది ఇరవై ఆంపియర్లు. ఇరవై రెండేళ్లు, వేలసార్లు తిప్పిన స్విచ్‌లో రాగి బిళ్లలు కాలి నల్లబడతాయి. కనెక్టర్లలో పచ్చటి తుప్పు చేరుతుంది. ఒక ఓమ్‌లో ఐదో వంతు నిరోధం చేరితే చాలు, ఇరవై ఆంపియర్ల దగ్గర నాలుగు వోల్టులు దారిలోనే ఆవిరైపోతాయి. మిగిలిన వోల్టులతో చల్లటి సోలినాయిడ్ ఎలాగోలా కడ్డీని లాగేస్తుంది. కానీ రాగి నిరోధం ప్రతి డిగ్రీ వేడికీ సుమారు 0.4 శాతం పెరుగుతుంది. అరవై డిగ్రీలు పెరిగితే దాదాపు పావు వంతు. కరెంటు ఆ మేరకు తగ్గుతుంది, లాగే బలం చాలదు. బండి మూగబోతుంది.

అంటే ఇది వచ్చిపోయే జబ్బు కాదు. పొద్దున ఆరింటికీ ఉంది, వానాకాలంలోనూ ఉంది. అప్పుడు ఒక వోల్టు మిగులు ఉంది, ఎండలో ఆ మిగులు లేదు, అంతే తేడా. బ్రష్‌లు మార్చి, సోలినాయిడ్ శుభ్రం చేసినప్పుడు కొంచెం మిగులు పెరిగింది గనక నాలుగు వారాలు నడిచింది. ఒక్కోసారి మొరాయించే యంత్రాలన్నిటి రహస్యం దాదాపు ఇదే. లోపం ఎప్పుడూ అక్కడే ఉంటుంది. సందర్భం కలిసినప్పుడు బయటపడుతుంది. 'పోయింది' అనుకున్న జబ్బు, కారణం తెలియకుండా పోయిందంటే, పోలేదనే అర్థం.

మందు చిన్నదే. బ్యాటరీ దగ్గర ఒక రిలే బిగించి, ఫ్యూజు పెట్టి, కొత్త లావు తీగతో కరెంటు నేరుగా సోలినాయిడ్‌కు వెళ్లేలా చేశాడు భాయ్. తాళం స్విచ్ ఇప్పుడు ఆ పది ఇరవై ఆంపియర్ల బరువు మోయక్కర్లేదు. రిలేను కదిలించే ఏ పావు ఆంపియరో పంపితే చాలు. దారిలో పోయే వోల్టులు 4.6 నుంచి అర వోల్టు లోపుకు తగ్గాయి. సామాను 250, కూలి 450. మొత్తం 700 రూపాయలు. అంతకుముందు పెట్టిన ఖర్చు 7,100.

ఈ రెండు అంకెల మధ్య తేడాను మెకానిక్‌ల మోసమని కొట్టిపారేస్తే అన్యాయం అవుతుంది. షెడ్డులో డబ్బు వచ్చేది బిగించిన సామానుకు, విప్పిన పనికి. బండితో పాటు గన్నవరం వెళ్లి, ఎండలో కూర్చుని, టీ తాగి, అది చెడేదాకా ఎదురుచూసిన రెండున్నర గంటలకు ఎవరూ బిల్లు వేయరు, వేసినా ఎవరూ ఇవ్వరు. అందుకే 'మార్చి చూద్దాం' అనేదే వృత్తి ధర్మమైంది. కొత్త కార్లలో కంప్యూటరు పెట్టి లోపాల కోడ్‌లు చదువుతున్నారు గానీ, తాళం స్విచ్‌లో నల్లబడిన రాగి బిళ్లకు కోడ్ ఉండదు. ఎదురుచూసే ఓపిక యజమానికే ఉండాలి. బండి చెడ్డప్పుడు అక్కడ ఉండేది అతనొక్కడే మరి.

ఒకప్పుడు ఇది చెప్పక్కర్లేని సంగతి. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని నడిపిన తరానికి బండి స్టార్ట్ చేయడమే ఒక విద్య. చలికాలం చోక్ ఎంత లాగాలో, వేడి మీద యాక్సిలరేటర్ ఎంత తొక్కాలో చేతికీ కాలికీ తెలిసేది. ఘాట్ రోడ్డు మీద పెట్రోలు పంపు వేడెక్కి, గొట్టాల్లో పెట్రోలు ఆవిరై బండి ఆగితే దాని మీద తడిగుడ్డ వేసి కూర్చునేవారు. వానాకాలం డిస్ట్రిబ్యూటర్ మూత విప్పి చెమ్మ తుడిచేవారు. 1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ చేతుల మీదుగా మొదటి మారుతి 800 తాళాలు అందాక కథ మారింది. తాళం తిప్పితే కారు స్టార్టవడం విద్య కాదు, హక్కు అయింది. అదొక పెద్ద సుఖమే. ఆ సుఖంలో సొంత బండి నాడి చూసే అలవాటు మాత్రం జారిపోయింది. పద్మిని తయారీ 2000 ప్రాంతంలోనూ, అంబాసిడర్, మారుతి 800ల తయారీ 2014లోనూ ఆగిపోయాయి. పాతవి ఇంకా ఇళ్లలో ఉన్నాయి, వాటి భాష తెలిసినవాళ్లు తగ్గిపోతున్నారు.

మాస్టారి పద్ధతి ఆయన కారుకే పరిమితం కాదు. సెల్ఫ్ చక్కగా తిరుగుతున్నా ఇంజిన్ వేడి మీద అందుకోకపోతే పెట్రోలు పంపు రిలేలో టంకం బీటలు వారిందేమో, క్రాంక్ సెన్సార్ వేడికి చేతులెత్తేస్తోందేమో చూడాలి. తాళం 'ఆన్' చేయగానే వెనక సీటు కింద పంపు రెండు క్షణాలు గుయ్‌మని ఆగుతుందా? బాగున్న రోజు ఆ చప్పుడు విని ఉంటేనే, లేని రోజు గుర్తుపట్టగలం. రెండు మూడు రోజులు ఆపితే మాత్రమే మొరాయిస్తే బండి పడుకున్నప్పుడు కరెంటు ఎక్కడో కారుతోంది. డిక్కీలో ఆరని 5 వాట్ల బల్బు ఒక్కటి చాలు, 35 ఆంపియర్-అవర్ల చిన్న బ్యాటరీని మూడున్నర రోజుల్లో తాగేయడానికి. ఏదైనా సరే వేడో చలో, చెమ్మో కుదుపో, ఆగిన గంటలో, ఏదో ఒక నియమం ఉంటుంది. నియమం దొరికేదాకా సామాను కొనకపోవడమే పొదుపు.

కొడుకు ఇప్పుడు స్క్రాప్ మాట ఎత్తడం లేదు. ఎత్తినా తప్పులేదు. 2025లో కేంద్రం ఇరవై ఏళ్లు దాటిన కార్ల రెన్యువల్ ఫీజును 10,000 రూపాయలు చేసింది. 2028లో ఈ బండి రిజిస్ట్రేషన్ మళ్లీ గడువు తీరుతుంది. అప్పటికి బాడీ తుప్పు, పొగ లెక్కలు ఎలా ఉంటాయో చూసి మాస్టారు నిర్ణయించుకుంటారు. ఆ నిర్ణయం కొలతల మీద ఉంటుంది, విసుగు మీద కాదు. ప్రస్తుతానికి కారు పుస్తకంలో మొరాయించిన గడి ఖాళీగానే ఉంది. పక్కనున్న రెండో పుస్తకంలో మాత్రం వారానికి మూడు వరసలు చేరుతూనే ఉన్నాయి.